అమ్మాయి చెప్పిన చెరువు

మా ఆయన నీళ్ళు కనిపిస్తే రుచి చూడకుండా ఉండలేరు. రొయ్యల చెరువులు చేసే మా వైపు వాళ్ళలో చాలామందికి ఉన్న అలవాటే ఇది. గట్టు మీద నుంచి వంగి, అరచేత్తో కాసిని నీళ్ళు తీసి నోట్లో పోసుకుని, నాలిక మీద తిప్పి, పక్కకు ఉమ్మేసి, ఉప్పు ఎంత ఉందో చెబుతారు. తరవాత చెరువు మీద పనిచేసేవాళ్ళు మీటరు పెట్టి చూస్తే ఇంచుమించు అదే అంకె వస్తుంది. అప్పుడు ఆయన ముఖం చూడాలి. తనే ఆ మీటరును కనిపెట్టినంత సంబరం.

పెళ్ళిళ్ళలోనూ అంతే. భోజనాల బల్ల దగ్గర గ్లాసెత్తి ఒక గుక్క నోట్లో పెట్టుకుని, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఆగి, "బోరు నీళ్ళండి ఇవి, ఉప్పు తగుల్తుంది" అని పెళ్ళివారి ముందే అనేసి నా పరువు తీసేవారు. నేను బల్ల కింద ఆయన కాలు తొక్కేదాన్ని. పక్కన కూర్చున్న మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక విస్తరి మీదకు వంగిపోయేది.

అలాంటి మనిషి, అమ్మాయి పోయాక నీళ్ళు రుచి చూడటం మానేశారు. పనివాళ్ళు మీటరు చూసి అంకె చెబుతారు, ఈయన సరే అంటారు. అంతే. ఆయన ఏడవలేదు, గడ్డం పెంచుకోలేదు, అన్నం మానలేదు. రోజూ చెరువుల మీదకు వెళ్ళి వస్తున్నారు కాబట్టి బాగానే తట్టుకున్నారని చుట్టాలందరూ అనుకున్నారు. తట్టుకోలేదని నాకు ఒక్కదానికే తెలుసు.

మాది పాలకొల్లుకు దగ్గర్లో ఊరు. నేను కాపురానికి వచ్చేటప్పటికి అంతా వరి. పెరట్లో రెండు గేదెలుండేవి. చేలగట్ల మీద గడ్డి కోసుకొచ్చి వేసేవాళ్ళం. ఆ పాలు తాగే మా పిల్ల పెరిగింది. తరవాత పక్కచేను వాళ్ళు చెరువు తవ్వారు. ఆ ఉప్పునీళ్ళు ఇంకి మా చేను పాడైంది. చేసేది లేక మేమూ తవ్వించాం. గట్ల మీద గడ్డి పోయింది, దాని వెనకే గేదెలు పోయాయి, పెరట్లో బావి ఉప్పెక్కింది. ఇప్పుడు డాబా ఎక్కితే ఎటు చూసినా నీళ్ళే. వంటింట్లో మాత్రం ప్లాంటు నుంచి తెచ్చుకున్న డబ్బా నీళ్ళు. "పొలాన్ని చెరువు చేసుకుని తాగే నీళ్ళు కొనుక్కునే తెలివి మనకే ఉందమ్మా" అని అమ్మాయి దెప్పేది. ఆ చెరువుల మీదే నువ్వు చదువుకున్నావే తల్లీ అని నేననేదాన్ని.

మాకు అది ఒక్కతే. హైదరాబాదులో ఉద్యోగం. సెలవు దొరికితే ఇంటికి రావడం మానేసి కొండలెక్కడం మొదలుపెట్టింది. అన్నవరం వెళితే కొండ మీదకు బస్సు ఎక్కడ దొరుకుతుందని ముందే అడిగే పిల్ల, హిమాలయాల్లో వీపున మూట కట్టుకుని నడుస్తుందంటే నేను నమ్మలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని తిట్టాను. ఫోన్లో ఫొటో చూపించింది. కొండ మీద పచ్చిక, ఆ పచ్చిక మధ్య చెరువు, వెనక మంచు, ఒడ్డున రాయి మీద ఎర్ర కోటు వేసుకుని ఇది. వాళ్ళ నాన్న ఫోను దూరంగా పట్టుకుని చూసి, "దూరపు కొండలు నునుపమ్మా" అన్నారు.

"దగ్గరికెళ్ళి చూసొచ్చి చెప్తున్నాను కదా నాన్నా. దగ్గర్నుంచి ఇంకా బాగుంటాయి" అంది.

ఆసారి ఆ కొండ నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చింది. సంచిలోంచి స్టీలు సీసా ఒకటి తీసి నాన్న చేతికిచ్చింది. అవి ఆ చెరువు నీళ్ళట. "నీ నాలిక్కి పరీక్ష. ఉప్పు ఎంతో చెప్పు" అంది. ఆయన కుర్చీలో ముందుకు జరిగి, మూతలో పోసుకుని, కళ్ళు మూసుకుని నోట్లో తిప్పి, అలవాటు చొప్పున అరుగు కిందకు తుపుక్కున ఉమ్మేశారు. "సున్నా. ఉత్త చప్పన. దీంట్లో రొయ్య బతకదు" అని తీర్పు చెప్పారు. నేను నవ్వాను. పిల్ల నవ్వలేదు.

"అయ్యో నాన్నా, ఉమ్మేశావేంటి? అక్కడివాళ్ళు ఆ నీళ్ళలో కాలు కూడా పెట్టరు తెలుసా? నువ్వు తాగుతావని తెచ్చాను. మంచినీళ్ళు తాగి ఎన్నేళ్ళైందో కదా అని అంత దూరం నుంచి మోసుకొచ్చాను."

ఆయన చిన్నబోయారు. "అలవాటమ్మా. నోరు దానంతటదే ఉమ్మేసింది. ఈసారి నన్నే తీసుకెళ్ళు. అక్కడే కూర్చుని కడుపునిండా తాగుతాను."

"మాటేనా?"

"మాటే."

ఈలోగా నేను ఆ సీసా అందుకుని, మూత బిగించి, దేవుడి అల్మరాలో పెట్టేశాను. అది గంగ కాదమ్మా, చెరువు అని పిల్ల మొత్తుకుంది. హిమాలయాల్లో నీళ్ళు ఏవైనా గంగేనన్నాను. మా ఇంట్లో వాదన పెట్టుకుని నా మీద గెలిచినవాళ్ళు లేరు. సీసా అక్కడే ఉండిపోయింది.

ఆ వానాకాలంలోనే దానికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే, మీరు రావక్కర్లేదు అంది ఫోన్లో. గొంతు నచ్చక బయల్దేరాం. మేం చేరేసరికి ఆసుపత్రిలో ఉంది. ఆ రోజు మమ్మల్ని చూసి మాట్లాడింది. నోరు ఎండిపోతోంది నాన్నా, ఒక్క గుక్క నీళ్ళివ్వు అంది. ఇవ్వకూడదన్నారు డాక్టర్లు. ఆయాసంలో ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకొస్తుందన్నారు. ఆయన చేతిలో నీళ్ళ సీసా ఉంది. దాన్ని వీపు వెనక్కి పెట్టుకుని, "రేపు తాగుదువులేమ్మా" అన్నారు. నర్సు దూది తడిపి దాని పెదాలు తుడిచింది. మర్నాడు నోట్లో గొట్టం వేశారు. ఇక అడగలేదు.

ఇంటికి తెచ్చాక, తులసాకు వేసి నోట్లో నీళ్ళు పొయ్యమన్నారు పెద్దవాళ్ళు. నేను వెళ్ళి దేవుడి అల్మరాలోంచి ఆ సీసాయే తెచ్చాను. అది మోసుకొచ్చిన నీళ్ళు దానికే పోశాను. లోపలికి పోలేదు. పెదాల చివర నుంచి జారి, చెంప మీదుగా చెవి వెనక్కి పోయాయి. ఆయన కండువాతో తుడిచారు. నీళ్ళు ఆగిపోయాక కూడా తుడుస్తూనే ఉన్నారు.

అది జరిగి రెండేళ్ళు.

ఈ వేసవిలో ఒక రోజు పొద్దున కాఫీ తాగుతూ, "ఏమే, ఆ చెరువు దగ్గరికి వెళ్దాం" అన్నారు. ఏ చెరువని నేను అడగలేదు. ఆయన మోకాళ్ళు, షుగరు, వయసు, అక్కడి చలి, అన్నీ వరసగా చెప్పాను. అన్నీ విని, "మాటిచ్చాను కదా" అన్నారు. రెండేళ్ళలో ఆయన నోటి నుంచి దాని గురించి వచ్చిన మొదటి మాట అది. నా వాదనంతా అక్కడే ఆగిపోయింది.

అప్పుడు దానితో ఆ కొండకు వెళ్ళిన స్నేహితురాలు ఒక పిల్ల ఉంది. రాజమండ్రి వాళ్ళే. ఇద్దరిదీ ఒకే ఆఫీసు. ఫోన్ చేసి ఎలా వెళ్ళాలమ్మా అని అడిగితే, దారి చెప్పడం మానేసి, "నేనూ వస్తాను ఆంటీ" అంది. మండే ఎండల్లో పాలకొల్లు బజారుకు వెళ్ళి స్వెట్టర్లు, మంకీ క్యాపులు అడిగితే కొట్టాయన నా వంక ఎగాదిగా చూసి, "మీకేనాండీ? ఒంట్లో బానే ఉంది కదండీ?" అన్నాడు. అటక మీద నుంచి దుమ్ము దులిపి దించాడు.

ఆ పిల్లతో కలిసి రాజమండ్రిలో రైలెక్కి ఢిల్లీలో దిగాం. అక్కడి నుంచి రుషీకేశ్. గంగలో ఆయన మూడు మునకలు వేశారు కానీ, ఒక్క చుక్క నోట్లో పెట్టుకోలేదు. నేను కనిపెట్టాను. ఇక్కడా రుచి చూడలేదంటే ఈ మనిషి ఆ చెరువు దగ్గర మాత్రం ఏం చేస్తాడు, అంత దూరం వెళ్ళి నిలబడి తిరిగొచ్చేస్తాడా అని నాకు భయం పట్టుకుంది. నిజం చెప్పాలంటే నేను బయల్దేరింది కొండ కోసం కాదు. ఆయన లోపల గడ్డ కట్టిన దుఃఖం కరుగుతుందేమోనని. కరక్కపోతే ఈ మనిషి ఇలాగే ఎండిపోయి నా కళ్ళ ముందే పోతాడని నాకు అనిపించేది.

కొండ దారిలో చివరి ఊరి వరకు జీపు వెళ్ళింది. అక్కడి నుంచి మా ఇద్దరికీ చెరో గుర్రం. గుర్రాలు రెండూ ఒక్కాయనవే. మా వెంట నడిచాడు, నెరిసిన గడ్డం. మా పక్కన నడుస్తూ రాజమండ్రి పిల్ల అతనితో హిందీలో మాట్లాడుతుంటే, టీవీలో నేర్చిన నా హిందీ సగం సగం అర్థమయ్యేది. గుర్రం రాళ్ళ మీద కాలు వేసినప్పుడల్లా సత్యనారాయణస్వామిని తలుచుకున్నాను. బతికి తిరిగొస్తే వ్రతం చేయిస్తానని మొక్కాను. మొక్కిన వెంటనే, మా అమ్మాయి కోసం మొక్కినవి నువ్వేం విన్నావు కనక అని ఆ స్వామిని తిట్టాను కూడా.

చెట్లు అయిపోయాక ఒక్కసారిగా పచ్చిక మొదలైంది. అలాంటి చోటును అక్కడివాళ్ళు బుగ్యాల్ అంటారట. గట్టు లేదు, సరిహద్దు రాయి లేదు, కొండ కొండంతా గడ్డి. మధ్య మధ్య పసుపుపచ్చ పూలు. మా ఊళ్ళో గేదెలున్న ఆఖరి రోజుల్లో ఆ రెంటి కోసం గుప్పెడు పచ్చగడ్డి దొరక్క నేను కొడవలి పట్టుకుని ఊరంతా తిరిగాను. ఇక్కడ అడిగేవాడు లేడు. గుర్రం దిగి ఆ గడ్డి మీద చెయ్యి వేసేసరికి నాకు ఏడుపొచ్చింది. దేన్ని తలుచుకుని వచ్చిందో, మా అమ్మాయినా గేదెలనా, నాకే తెలియలేదు.

ఇంతలో నిజంగానే గేదెలు కనిపించాయి. అబద్ధం కాదు, మంచు కొండల కింద నల్లటి గేదెలు మేస్తున్నాయి. ఎండలు ముదిరితే కింద నుంచి మందలు తోలుకొచ్చి, మంచు పడేలోపు దిగిపోతారట. మా ఆయనకు చూపిద్దామని తిరిగాను. ఆయన ఒక బండ మీద కూర్చుని రొప్పుతున్నారు. పెదాలు నల్లబడ్డాయి.

పిల్ల ఆయన వేలికి చిన్న మిషను తగిలించి చూసి గుర్రాలాయనతో గబగబా ఏదో అంది. అతను తల అడ్డంగా తిప్పాడు. "అంకుల్, ఆక్సిజన్ తక్కువుంది. కాసేపు కూర్చుందాం. పెరక్కపోతే కిందకి దిగిపోవాలి" అంది పిల్ల.

"చెరువేదమ్మా?"

"అదిగో, ఆ మిట్ట అవతలే. కానీ..."

"అయితే దిగను" అన్నారు.

మొండితనంలో తండ్రీ కూతుళ్ళు ఒకరికొకరు తీసిపోరు. దగ్గర్లో గేదెలవాళ్ళ పాక ఉంటే అందులో కూర్చోబెట్టాం. రాళ్ళు పేర్చి కట్టిన గోడలు, పైన మట్టి, లోపల కట్టెల పొయ్యి. పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. ఆ వాసన తగిలి ఎన్నేళ్ళైందో. కట్టెపొగా, మీగడా కలిసిన చిక్కటి గేదెపాల వాసన. ఆ ఇంటావిడకు నా ఈడే ఉంటుంది. ఎవరు, ఏమిటి అని అడక్కుండానే గ్లాసుల్లో పాలు పోసి ఇచ్చింది. ఆయన గోడకు చేరబడి కళ్ళు మూసుకుని మెల్లగా తాగారు. గుర్రాలాయన, పిల్ల లోపలికి రాకుండా అవతల గుర్రాల దగ్గరే ఉండిపోయారు.

ఆవిడ నా పక్కన కూర్చుని, పిల్లలెందరన్నట్టు "బచ్చే?" అంది.

రెండేళ్ళుగా ఈ ప్రశ్నకు భయపడి నేను పెళ్ళిళ్ళు మానేశాను. తెలిసినవాళ్ళు అడగరు, తెలియనివాళ్ళు అడిగితే ఏం చెప్పాలో నాకు రాదు. లేరంటే దాన్ని నేనే రెండోసారి చంపినట్టు ఉంటుంది. ఉందంటే అబద్ధం. ఆవిడ ముందు నా వేలు దానంతటదే లేచింది. ఒకటి.

"బేటీ?" అంది. తలూపాను. ఎక్కడుందని చేత్తో అడిగింది. నేను ఏం చెప్పను? నాకొచ్చిన హిందీ అంత దూరం రాదు. మిట్ట వైపు, చెరువు వైపు చెయ్యి చూపించాను. మా కూతురు ముందు వెళ్ళింది కాబోలు అనుకున్నట్టుంది, ఆవిడ నవ్వి, ఇంకో గ్లాసు తీసి పాలు పోసి, పైన పళ్ళెం మూసి పొయ్యి గట్టున వెచ్చగా పెట్టింది.

నేను ఆపాల్సింది. ఆపలేకపోయాను. నా కూతురికని ఒకరు పాలు తీసి పెట్టి రెండేళ్ళైంది. ఆయన కళ్ళు తెరిచి ఆ గ్లాసు వంక చూశారు, నా వంక చూశారు.

కాసేపటికి ఆయన ఊపిరి నెమ్మదించింది. బయటికొచ్చి గుర్రాల దగ్గరకు చేరాక పిల్ల మళ్ళీ వేలికి మిషను పెట్టి, పరవాలేదు కానీ ఎక్కువసేపు వద్దంది. గుర్రాలాయన ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని మిట్ట ఎక్కించాం. పది అడుగులు వెయ్యడం, ఆగడం.

మిట్ట పైకొచ్చాక చెరువు కనిపించింది. నాకు మొదట వచ్చింది కోపం. మా పెద్ద చెరువంత కూడా లేదు. ఫొటోలో సముద్రంలా ఉంది. దీని కోసమా మా అమ్మాయి సెలవులన్నీ పోగొట్టుకుంది అనుకున్నాను. తరవాత చూస్తే ఆ కాసిని నీళ్ళలోనే వెనకున్న కొండ మొత్తం ఉంది.

మా ఆయన చుట్టూ చూశారు. అలవాటు ఎక్కడికి పోతుంది? "గట్టు లేదు. నీళ్ళు ఎక్కడ్నుంచి వస్తున్నాయి, తూము ఎక్కడ? అడగమ్మా, ఈ చెరువు ఎవరు చేస్తున్నారు?" అన్నారు. పిల్ల గుర్రాలాయన్ని అడిగింది. అతను చేతులు జోడించాడు. "దేవిది అంట అంకుల్. చెప్పులు ఇక్కడే వదలమంటున్నాడు. నీళ్ళలో కాలు పెట్టకూడదంట, ఉమ్మకూడదంట." చివరి మాట దగ్గర పిల్ల గొంతు తగ్గింది. ఆ సీసా సంగతి మా అమ్మాయి దానికి చెప్పే ఉంటుంది.

తరవాత పిల్ల ఒడ్డున ఒక రాయి చూపించింది. అమ్మాయి ఫొటోలో నిలబడ్డ రాయి. ఆయన చెప్పులు విప్పి, ఆ చలిలో, అక్కడికి వెళ్ళారు. రాతి మీద చెయ్యి వేసి చాలాసేపు ఉన్నారు. ఆ తరవాత మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, దోసిట్లో నీళ్ళు తీసి నోట్లో పోసుకున్నారు.

బుగ్గలు పొంగాయి. నాలిక మీద తిప్పుతున్నట్టు దవడ కదిలింది. నేను ఇన్నేళ్ళుగా చూస్తున్నట్టే, తల పక్కకు తిరిగింది. ఉమ్మేస్తారనుకున్నాను. తిరిగిన తల అలాగే ఆగిపోయింది. నోటి నిండా నీళ్ళతో, పక్కకు చూస్తూ, ఎవరో పిలిస్తే విన్నట్టు ఉండిపోయారు. తరవాత గొంతు కదిలింది. మింగారు. ఇంకో దోసెడు తీసుకుని అదీ తాగారు. ఇంకోటి. ఆ మంచు నీళ్ళు అన్ని తాగితే ఏమవుతుందోనని నోటి దాకా వచ్చిన మాట నేను ఆపుకున్నాను.

"చప్పగా ఉన్నాయే" అన్నారు నాతో. బురదలో కూలబడి, రెండు చేతులూ నేలకు ఆనించి, పెద్దగా ఏడ్చారు. రెండేళ్ళ ఏడుపు. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను తప్ప ఓదార్చలేదు. ఏడవనీ అనుకున్నాను. నేనూ ఏడ్చాను. దాని నోట్లోకి పోని నీళ్ళు ఈయన గొంతులోకి దిగాయి. అంతకంటే మాకు ఏం జరుగుతుంది?

ఖాళీ సీసా నేను సంచిలో వేసుకునే వచ్చాను. తీస్తే ఆయన వద్దన్నారు.

దిగేటప్పుడు మేమిద్దరం ముందు, పిల్ల కాస్త వెనక. పాక దగ్గరకు వచ్చేసరికి ఆ ఇంటావిడ గుమ్మంలోనే ఉంది. మమ్మల్ని దాటి వెనక్కి చూసింది. కళ్ళు తుడుచుకుంటూ వస్తున్న పిల్లను చూసి, మీ అమ్మాయి వచ్చేసిందే అన్నట్టు మాకేసి నవ్వి, లోపలికి వెళ్ళి ఆ గ్లాసు తెచ్చింది. పళ్ళెం తీసి దాని చేతికిచ్చింది. పాలు ఇంకా పొగలు కక్కుతున్నాయి.

పిల్లకు ఏమీ అర్థం కాలేదు. గ్లాసు పట్టుకుని, తాగాలా వద్దా అన్నట్టు మా ఇద్దరి ముఖాలు చూసింది.

మా ఆయన దగ్గరకు వెళ్ళి, గ్లాసు అడుగున చెయ్యి ఆనించి పైకెత్తి, "తాగమ్మా" అన్నారు.